కరెంటు పోయినా చెరగని రాత: మైక్రోకంట్రోలర్‌ జ్ఞాపకాన్ని ఎప్పుడు నమ్మాలి?

ఖరగ్‌పూర్‌ రైల్వే డివిజన్‌లోని బహనగా బజార్‌ స్టేషన్‌ దగ్గర 2023 జూన్‌ 2న, సాయంత్రం ఏడు కావడానికి కొద్ది నిమిషాల ముందు, షాలిమార్‌ నుంచి చెన్నై వెళ్తున్న కోరమాండల్‌ ఎక్స్‌ప్రెస్‌ లూప్‌ లైనులో ఆగివున్న గూడ్సు రైలును ఢీకొంది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో హావ్‌డా వైపు వెళ్తున్న యశ్వంత్‌పూర్‌ ఎక్స్‌ప్రెస్‌ చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతి రోజుల్లో వార్తల్లో తరచుగా వినిపించిన ఒక పేరు ‘డేటా లాగర్‌’.

డేటా లాగర్‌ అంటే స్టేషన్‌ సిగ్నల్‌ గదిలో ఉండే చిన్న రాతగాడు. సిగ్నళ్లు, పాయింట్లు, ట్రాక్‌ సర్క్యూట్లకు సంబంధించిన రిలేలు ఎప్పుడు తెరుచుకున్నాయి, ఎప్పుడు మూసుకున్నాయి అన్నది క్షణక్షణం చూస్తూ, ప్రతి మార్పునూ సమయంతో సహా రాసుకుంటుంది. దాని లోపల ఒక ప్రాసెసర్‌, కరెంటు పోయినా చెరగని ఒక మెమరీ ఉంటాయి. ప్రమాదం తర్వాత అధికారులు సిద్ధం చేసిన ప్రాథమిక సంయుక్త నివేదికలో పాయింటు లూప్‌ లైను వైపు ఉందని రాశారు. సంతకం చేసినవారిలో ఒక సిగ్నల్‌ ఇంజనీరు మాత్రం విభేదించారు. డేటా లాగర్‌ ప్రకారం ఆ పాయింటు మెయిన్‌ లైనుకే ఉండాలన్నది ఆయన వాదన. అంటే పట్టా ఒక మాట చెబుతోంది, మెమరీ మరో మాట చెబుతోంది. దేన్ని నమ్మాలి?

ఈ ప్రశ్న రైల్వేలకే పరిమితం కాదు. ఇంటి కరెంటు మీటరు, ఆటో మీటరు, వాషింగ్‌ మెషిన్‌, బండి స్పీడోమీటరులో కిలోమీటర్ల లెక్క, ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపు, ఇలా అన్నిటిలోనూ ఒక మైక్రోకంట్రోలర్‌ కరెంటు పోయినా గుర్తుంచుకోవాల్సిన సంగతుల్ని ఎక్కడో రాసుకుంటోంది. ఆ రాత ఎలా పడుతుంది, ఎలా చదవాలి, ఎందుకు తప్పుతుంది, తప్పితే ఎలా పట్టుకోవాలి అన్నది తెలిస్తే గాని దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

తెలుగువారికి తెలిసిన రైలు ఊరు

ఖరగ్‌పూర్‌ తెలుగువారికి పరాయి ఊరు కాదు. వాల్తేరు నుంచి కటక్‌ వైపు సాగే తూర్పుతీర రైలుమార్గం 1902లో బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే చేతికి వచ్చింది. ఆ రైల్వేలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. వర్క్‌షాపు, యార్డు, లోకో షెడ్డు చుట్టూ పెరిగిన ఊరు ఇది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపడ్డ 1072 మీటర్ల ప్లాట్‌ఫాం ఇక్కడిదే. 1951లో దేశంలో మొదటి ఐఐటీ కూడా ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే మొదలైంది.

సిగ్నలింగ్‌ చరిత్రలోనూ ఈ ఊరికి చోటుంది. రైళ్లకు దారి ఇచ్చే పనిని 2013 నవంబరులో ఇక్కడ రిలేల నుంచి ప్రాసెసర్లతో నడిచే సాలిడ్‌ స్టేట్‌ ఇంటర్‌లాకింగ్‌కు మార్చారు. సుమారు 800 రూట్లను సంభాళించే ఆ ఏర్పాటు అప్పటికి ఆ తరహాలో అతి పెద్దదిగా వార్తలకెక్కింది. ఒకప్పుడు లీవర్లు, తీగలు, ఇనుప కడ్డీలు ‘గుర్తుపెట్టుకున్న’ నియమాలు ఇప్పుడు చిప్పుల్లో రాతలుగా ఉంటున్నాయి. సికింద్రాబాద్‌లో 1957 నుంచి నడుస్తున్న రైల్వే సిగ్నల్‌ ఇంజనీరింగ్‌ శిక్షణ సంస్థ ‘ఇరిసెట్‌’లో పాఠాలు నేర్చుకునే సిబ్బందికి రిలేతో పాటు మెమరీ గురించి కూడా తెలియాల్సి వస్తోంది.

ఒకే చిప్పులో మూడు జ్ఞాపకాలు

విద్యార్థులు ఎక్కువగా వాడే ఆర్డ్యూనో ఊనో బోర్డు మీద ఉండే ఏటీమెగా328పి అనే మైక్రోకంట్రోలర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో మూడు రకాల మెమరీలు ఉన్నాయి.

మొదటిది 32 కిలోబైట్ల ఫ్లాష్‌. మనం రాసిన ప్రోగ్రాం ఇందులో ఉంటుంది. రెండోది 2 కిలోబైట్ల ఎస్‌రామ్‌. ప్రోగ్రాం నడుస్తున్నంత సేపూ లెక్కలన్నీ దీనిలోనే జరుగుతాయి, కరెంటు తీయగానే అంతా పోతుంది. మూడోది 1 కిలోబైటు ఈఈప్రామ్‌. కరెంటు పోయినా ఉండాల్సిన సెట్టింగులు, లెక్కలు దీనిలో దాచుకోవాలి. ఎస్‌రామ్‌ నల్లబల్ల అయితే, ఫ్లాష్‌ అచ్చయిన పాఠ్యపుస్తకం, ఈఈప్రామ్‌ హాజరు పట్టీ. పుస్తకం ఏ ఏడాదికో మారుతుంది. పట్టీలో రోజూ కొత్త గీత పడుతుంది.

కరెంటు లేకుండా గుర్తుంచుకునే ఇలాంటి మెమరీని నాన్‌వోలటైల్‌ మెమరీ అంటారు. ఇందులో జరిగేది మాయ కాదు, భౌతికశాస్త్రం.

గోడ దాటే ఎలక్ట్రాన్లు

1967లో బెల్‌ ల్యాబ్స్‌లో డావాన్‌ కాంగ్‌, సైమన్‌ జీ అనే శాస్త్రవేత్తలు ఒక ట్రాన్సిస్టర్‌ లోపల ఎటూ తీగ లేని లోహపు పలకను ఉంచాలని ప్రతిపాదించారు. చుట్టూ విద్యుత్‌ ప్రవహించని పొర ఉంటుంది కాబట్టి ఆ పలక తేలుతున్నట్టే. అందుకే దానికి ఫ్లోటింగ్‌ గేటు అని పేరు. దానిలోకి ఎలక్ట్రాన్లను పంపగలిగితే, బయటికి వచ్చే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు ఉంటే ట్రాన్సిస్టర్‌ ఒకలా ప్రవర్తిస్తుంది, లేకపోతే మరోలా. అదే ఒక బిట్‌.

మరి దారి లేని గదిలోకి ఎలక్ట్రాన్లు ఎలా వెళ్తాయి? పలకకూ కింది సిలికాన్‌కూ మధ్య ఉండే సిలికా పొర మందం దాదాపు 10 నానోమీటర్లు, అంటే మనిషి వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. అంత పలుచని పొర మీద 10 వోల్టులు పెట్టినా, విద్యుత్‌ క్షేత్రం సెంటీమీటరుకు కోటి వోల్టులు అవుతుంది. గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు చాలు. దానికి 300 రెట్లు మించిన క్షేత్రం అన్నమాట. ఆ స్థితిలో ఎలక్ట్రాన్లు గోడ ఎక్కి దిగకుండానే క్వాంటం టన్నెలింగ్‌ ద్వారా అవతలికి చేరతాయి. ఫౌలర్‌, నార్డ్‌హైమ్‌ 1928లోనే ఈ పద్ధతికి లెక్క కట్టారు. మనం చిప్పుకు ఇచ్చేది 5 వోల్టులే కాబట్టి, కావలసిన ఎక్కువ వోల్టేజీని చిప్పు లోపల ఉండే చార్జ్‌ పంపు తయారు చేసుకుంటుంది.

ఇంటెల్‌లో డోవ్‌ ఫ్రోమాన్‌ 1971లో ఈ సూత్రంతో 256 బైట్ల ఈప్రామ్‌ తయారు చేశారు. దాన్ని చెరపాలంటే చిప్పు నెత్తిన ఉండే గాజు కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడాలి. ఆ తర్వాత కరెంటుతోనే చెరిపే ఈఈప్రామ్‌ వచ్చింది. 1984లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా ఒక పెద్ద ముక్కను ఒక్కసారిగా చెరిపే ఫ్లాష్‌ను ప్రకటించారు. 1993 నాటికి ఇవి మైక్రోకంట్రోలర్ల లోపలికే చేరాయి.

ఈ భౌతికశాస్త్రం నుంచి మూడు విషయాలు నేరుగా వస్తాయి. ఒకటి, చెరపడం, రాయడం వేర్వేరు పనులు. చెరిపిన బైటులో అన్ని బిట్లూ 1 అవుతాయి, రాసేటప్పుడు కావలసినవి 0 అవుతాయి. రెండు, రాయడానికి సమయం పడుతుంది. మూడు, ప్రతిసారీ గోడలోంచి దూరే ఎలక్ట్రాన్లు ఆ గోడను కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయి. మెమరీలో మనకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ మూడే.

చదవడం తేలికే, అర్థం చేసుకోవడమే కష్టం

ఏటీమెగా328పి ఈఈప్రామ్‌ నుంచి ఒక బైటు చదవాలంటే చిరునామా రిజిస్టరులో 0 నుంచి 1023 వరకు ఒక అంకె పెట్టి, చదవమనే బిట్‌ను 1 చేస్తే చాలు. డేటా రిజిస్టరులో విలువ కనిపిస్తుంది. చదవడం వల్ల మెమరీ అరగదు. ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు.

కానీ బైటు తనంతట తాను ఏ అర్థమూ చెప్పదు. ఉదాహరణకు 500 అనే సంఖ్య ఒక బైటులో పట్టదు. అది 1 సార్లు 256, పైన 244. చిన్న భాగాన్ని ముందు దాచే పద్ధతిలో మెమరీలో 244, 1 అని వరుసగా ఉంటాయి. ఆ వరుస తెలియని మరో ప్రోగ్రాం పెద్ద భాగం ముందు ఉందనుకుని చదివితే 62,465 వస్తుంది. మెమరీ చెడిపోలేదు, చదివినవాడు పొరబడ్డాడు.

అలాగే 255 కనిపించిందంటే రెండు అర్థాలు ఉండవచ్చు. ఎవరో నిజంగా 255 రాసి ఉండవచ్చు, లేదా అక్కడ ఇంతవరకూ ఎవరూ ఏమీ రాసి ఉండకపోవచ్చు. చెరిపిన బైటు విలువ కూడా 255యే కదా! కొత్త చిప్పు పెట్టగానే నీటి పంపు టైమరు 255 నిమిషాలు చూపించడం ఇలాంటి తప్పే. అందుకే అనుభవం ఉన్నవారు దాచిన సమాచారానికి ముందు ఒక గుర్తు సంఖ్యను పెడతారు. ఆ గుర్తు కనబడితేనే మిగతాది చదువుతారు. లేకపోతే ముందే నిర్ణయించుకున్న సురక్షితమైన విలువలతో మొదలుపెడతారు.

రాయడం: తొందర పనికిరాదు

రాసే పని చేతి పొరపాటున జరగకుండా చిప్పు తయారీదారులు రెండు తాళాలు పెట్టారు. ముందు ‘రాయడానికి అనుమతి’ బిట్‌ను 1 చేయాలి. ఆ తర్వాత నాలుగు క్లాక్‌ సైకిళ్ల లోపే ‘రాయి’ బిట్‌ను 1 చేయాలి. మధ్యలో ఏదైనా ఇంటరప్ట్‌ వచ్చి ఆలస్యమైతే రాత పడదు. ఏ తప్పూ చూపించదు, ఊరికే రాయకుండా ఉండిపోతుంది. ‘అప్పుడప్పుడూ సేవ్‌ కావడం లేదు’ అనే ఫిర్యాదు వెనుక ఇలాంటి కారణం ఉండే వీలుంది. ఆ నాలుగు సైకిళ్ల పాటు ఇంటరప్టులను ఆపడం దీనికి మందు.

తాళాలు తెరిచాక ఒక బైటు చెరిపి రాయడానికి సుమారు 3.4 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు అది రెప్పపాటు కూడా కాదు. 16 మెగాహెర్ట్జ్‌ వేగంతో నడిచే ప్రాసెసరుకు మాత్రం అది 54 వేలకు పైగా సైకిళ్ల కాలం.

ఇక అరుగుదల. ఈ చిప్పు ఈఈప్రామ్‌లో ఒక్కో చోట లక్ష సార్లు చెరిపి రాయవచ్చని తయారీదారు హామీ. ఫ్లాష్‌కు ఆ హామీ 10 వేల సార్లే. లక్ష అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. నిమిషానికి ఒకసారి అదే చోట లెక్క రాస్తే రోజుకు 1,440 సార్లు. లక్ష పూర్తి కావడానికి 70 రోజులు కూడా పట్టదు. సెకనుకు ఒకసారి రాస్తే 28 గంటలు చాలు. బల్ల మీద చక్కగా పనిచేసిన పరికరం పొలంలో పెట్టాక మూడో నెలలో మొరాయించిందంటే ముందుగా ఈ లెక్క వేసి చూడాలి.

దీనికి విరుగుడు పంట మార్పిడి లాంటిది. ఒకే మడిలో ఏటా అదే పంట వేస్తే నేల సారం పోతుంది. ఒకే చోట రాయకుండా మెమరీ అంతటా వరుసగా తిరుగుతూ రాయాలి. ఒక్కో నమోదుకు 8 బైట్లు అనుకుంటే 1 కిలోబైటులో 128 గళ్లు వస్తాయి. నిమిషానికి ఒక నమోదు చొప్పున గడి మార్చి గడిలో రాస్తే, 70 రోజుల ఆయుష్షు దాదాపు 24 ఏళ్లు అవుతుంది. పాత విలువ, కొత్త విలువ ఒకటే అయితే అసలు రాయకుండా వదిలేయడం మరో చిన్న జాగ్రత్త.

ఈ లెక్క వేయకపోతే ఎంత ఖర్చవుతుందో కార్ల పరిశ్రమ చూసింది. టెస్లా సంస్థ మోడల్‌ ఎస్‌, మోడల్‌ ఎక్స్‌ కార్లలో 8 గిగాబైట్ల ఫ్లాష్‌ మెమరీ నిరంతరం రాతలతో అరిగిపోయి, మధ్యనుండే తెర పనిచేయడం మానేసేది. వెనక్కి నడిపేటప్పుడు కెమెరా దృశ్యం కూడా కనిపించేది కాదు. భద్రతా సంస్థ ఒత్తిడితో 2021లో అమెరికాలో దాదాపు 1,35,000 కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

కరెంటు పోయే ఆ క్షణం

నాన్‌వోలటైల్‌ మెమరీకి అసలు పరీక్ష కరెంటు లేనప్పుడు కాదు, కరెంటు పోతున్నప్పుడు. స్విచ్‌ ఆపగానే 5 వోల్టులు ఒక్కసారిగా సున్నా అయిపోవు. కెపాసిటర్లలో ఉన్న చార్జి ఖర్చవుతూ వోల్టేజీ జారుతుంది. ఆ జారుడులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, నాలుగు బైట్ల లెక్కలో రెండు బైట్లు కొత్తవి, రెండు పాతవి అయ్యాక కరెంటు పూర్తిగా పోవడం. అప్పుడు రావాల్సిన కొత్త సంఖ్యకు బదులు ఏదో పొంతన లేని సంఖ్య మిగలవచ్చు. రెండు, వోల్టేజీ కనీస స్థాయి కంటే తగ్గాక ప్రాసెసర్‌ తప్పుడు ఆదేశాలు నడిపి, ఎవరూ అడగని చోట రాయడం.

రెండో ప్రమాదానికి చిప్పులోనే మందు ఉంది. బ్రౌన్‌-ఔట్‌ డిటెక్టర్‌ను ఆన్‌ చేస్తే, వోల్టేజీ మనం ఎంచుకున్న గీత దిగగానే ప్రాసెసర్‌ను రీసెట్‌లో కూర్చోబెడుతుంది. ఈ చిప్పులో 1.8, 2.7, 4.3 వోల్టుల గీతలు ఉన్నాయి. మొదటి ప్రమాదానికి కొంత గడువు సంపాదించాలి. రెగ్యులేటరుకు ముందున్న వోల్టేజీని గమనిస్తూ, అది పడిపోవడం మొదలవగానే ముఖ్యమైన విలువలు రాసేయాలి. బోర్డు 20 మిల్లీఆంపియర్లు వాడుతుంటే, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ మీద వోల్టేజీ 2 వోల్టులు తగ్గడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే రెండు బైట్లు రాసుకునేంత వ్యవధి. నాలుగు బైట్లు కావాలంటే అంతకు రెట్టింపు కెపాసిటర్‌ ఉండాలి. ఎంత పెద్దది పెట్టాలో ఊహించనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు.

అయినా కెపాసిటర్‌ను పూర్తిగా నమ్ముకోలేం. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది. కాబట్టి సమాచారాన్ని రెండు ప్రతులుగా ఉంచాలి. కొత్తది ఎప్పుడూ పాత ప్రతి మీద రాయాలి, తాజా ప్రతిని ముట్టుకోకూడదు. ప్రతి నమోదుకూ ఒక వరుస సంఖ్య, చివర్లో సీఆర్‌సీ అనే సరిచూపు సంఖ్య ఉండాలి. ముందున్న బైట్లన్నిటితో చేసే ఒక లెక్కకు ఫలితమే ఈ సీఆర్‌సీ. బైటు మారితే అది సరిపోలదు. పరికరం మళ్లీ లేచినప్పుడు రెండు ప్రతులనూ చదివి, సీఆర్‌సీ సరిపోయిన వాటిలో వరుస సంఖ్య పెద్దదాన్ని తీసుకుంటుంది. సగంలో ఆగిన రాత దానంతటదే పక్కకు పోతుంది. మనకు పోయేది చివరి నమోదు ఒక్కటే, మొత్తం లెక్క కాదు.

తప్పు పట్టుకోవడం ఎలా?

మెమరీలో అనుమానం వచ్చినప్పుడు మొదటి నియమం ఒక్కటే: ముట్టుకునే ముందు నకలు తీయాలి. ప్రోగ్రామర్‌ పరికరంతో ఈఈప్రామ్‌ మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి చదివి పెట్టుకోవాలి. సరిచేద్దామని కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే సాక్ష్యం చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ చిప్పులో ఈసేవ్‌ అనే ఫ్యూజ్‌ బిట్‌ను ముందుగా అమర్చకపోతే, మొత్తం చిప్పును చెరిపే ఆదేశం ఈఈప్రామ్‌ను కూడా తుడిచేస్తుంది.

నకలు చేతికి వచ్చాక ఆ అంకెల తీరు చూసి చాలా చెప్పవచ్చు.

1. అంతా 255 అయితే రాతే పడలేదు, లేదా ఎవరో చెరిపేశారు. చిప్పును చెరిపే ఆదేశం, పట్టని రాత ఈ రెండిటినీ చూడాలి.

2. మొదటి కొన్ని బైట్లే తరచుగా పాడవుతుంటే చిరునామా 0 మీద అనుమానించాలి. వోల్టేజీ తగ్గినప్పుడు పడే దొంగ రాతలు అక్కడ కనిపించడం పరిపాటి. ముఖ్యమైన విలువలను అక్కడ ఉంచకపోవడం మేలు.

3. ఒక నమోదు సగం కొత్తది, సగం పాతది అయితే రాస్తుండగా కరెంటు పోయింది.

4. కొత్త వెర్షన్‌ ప్రోగ్రాం వేశాకే తప్పులు మొదలైతే మెమరీది దోషం కాదు. పాత ప్రోగ్రాం ఒక వరుసలో దాచింది, కొత్తది మరో వరుసలో చదువుతోంది.

5. రాసిన వెంటనే చదివితే సరిగా ఉండి, కొన్ని రోజులకు మారిపోతుంటే ఆ గడి అరిగిపోయింది. దెబ్బతిన్న పొరలోంచి ఎలక్ట్రాన్లు కారిపోతున్నాయి.

6. బయట ఉండే 24సి256 లాంటి చిప్పులో కొత్త సమాచారం ముందున్న సమాచారాన్ని తినేస్తుంటే పేజీ హద్దును చూడాలి. ఆ చిప్పు పేజీకి 64 బైట్లు. 60వ బైటు నుంచి ఒకేసారి 10 బైట్లు పంపితే నాలుగు సరైన చోట పడతాయి, మిగిలిన ఆరు పక్క పేజీకి వెళ్లకుండా అదే పేజీ మొదటికి తిరిగివచ్చి 0 నుంచి 5 వరకు ఉన్నవాటిని చెరిపేస్తాయి.

కారణం ఊహించాక దాన్ని రుజువు చేయాలి. దానికి మంచి పద్ధతి, రెండో మైక్రోకంట్రోలర్‌తో ఒక రిలేను నడిపి, మొదటి పరికరానికి ఏ క్షణాన పడితే ఆ క్షణాన కరెంటు తీయడం. ఒకసారి రెండుసార్లు కాదు, రాత్రంతా వేల సార్లు. లేచిన ప్రతిసారీ రెండు ప్రతుల్లో కనీసం ఒకటి సరిగా ఉందో లేదో నమోదు చేయాలి. చేత్తో స్విచ్‌ వేసి తీసి ‘బాగానే ఉంది’ అనుకోవడం పరీక్ష కాదు. 3.4 మిల్లీసెకన్ల కిటికీ మనిషి వేలికి దొరకడం చాలా అరుదు.

అంగారకుడి మీద మెమరీ మరమ్మతు

ఈ పని ఎంత దూరం నుంచైనా చేయవచ్చని 2004లో తేలింది. అంగారకుడి మీద దిగిన నాసా రోవర్‌ స్పిరిట్‌ జనవరి 21న సరిగా మాట్లాడటం మానేసింది. తనను తాను మళ్లీ మళ్లీ రీసెట్‌ చేసుకుంటూ, రాత్రిళ్లు నిద్రపోకుండా బ్యాటరీని ఖర్చు చేస్తోంది. లేచిన ప్రతిసారీ ఫ్లాష్‌ మెమరీలోని ఫైళ్ల పట్టికను రామ్‌లోకి తెచ్చుకోవడం దాని అలవాటు. ప్రయాణం నాటి నుంచి పేరుకున్న ఫైళ్ల వల్ల ఆ పట్టిక పెద్దదై రామ్‌ చాలలేదు. చాలక రీసెట్‌, లేవగానే మళ్లీ అదే పట్టిక.

ఇంజనీర్లు ఫ్లాష్‌ను అసలు చూడకుండా లేవమని ఆదేశం పంపారు. రోవర్‌ నిలదొక్కుకుంది. తర్వాత ఫైళ్లను తీసేసి, ఫ్లాష్‌ను కొత్తగా సిద్ధం చేశారు. స్పిరిట్‌ మరో ఆరేళ్లు పనిచేసింది. ఆ దారిని ముందే ఉంచడమే దాన్ని బతికించింది. తన జ్ఞాపకం మీద నమ్మకం పోయినా లేచి నిలబడగలిగే మార్గం ప్రతి పరికరానికీ ఉండాలి.

రైల్వే సిగ్నలింగ్‌ వందేళ్లుగా పాటిస్తున్న సూత్రం కూడా ఇదే. సందేహం వస్తే ఎర్రదీపం. సిగ్నల్‌ రిలే కరెంటు పోతే తన బరువుకే కిందికి జారి సురక్షితమైన స్థితికి వచ్చేలా తయారవుతుంది. ప్రాసెసర్లు వచ్చినా నియమం మారలేదు. చదివిన సమాచారం సరిచూపులో తేలకపోతే ఊహించి ముందుకు పోకూడదు, ఆపేయాలి.

తీగ చెప్పిన మాటే మెమరీ మాట

ఇప్పుడు బహనగా బజార్‌ ప్రశ్నకు వద్దాం. రైల్వే భద్రతా కమిషనర్‌ దర్యాప్తు సారాంశాన్ని ప్రభుత్వం 2023 జులైలో పార్లమెంటుకు తెలిపింది. స్టేషన్‌ ఉత్తరం వైపు సిగ్నల్‌ గుమ్టీలో గతంలో చేసిన సర్క్యూట్‌ మార్పులో లోపాలు ఉన్నాయి. లెవెల్‌ క్రాసింగ్‌ గేటు 94 దగ్గర ఎలక్ట్రిక్‌ బారియర్‌ మార్చే పనిలోనూ లోపాలు జరిగాయి. వాటి ఫలితంగా క్రాస్‌ఓవర్‌ లూప్‌ లైను వైపు ఉన్నా, మెయిన్‌ లైనులో నేరుగా పొమ్మని హోం సిగ్నల్‌ పచ్చదీపం చూపింది.

డేటా లాగర్‌ పట్టాను చూడలేదు. దానికి కళ్లు లేవు. రిలే స్థితిని తెచ్చే తీగ ఏం చెబితే అదే రాసుకుంటుంది. తీగల అమరికే మారిపోయినప్పుడు మెమరీలో ప్రతి బిట్‌ సరిగా నిలిచినా, ప్రతి సమయం సరిగా పడినా, రాత నిజాన్ని చెప్పదు. ఎలక్ట్రాన్లు గది దాటలేదు, సీఆర్‌సీ తప్పలేదు. తప్పు మెమరీకి ముందే జరిగిపోయింది.

అందుకే మెమరీని డీబగ్‌ చేయడం అంటే బైట్లను చూసి ఆగిపోవడం కాదు, అవి వచ్చిన దారంతా వెనక్కి నడవడం. చదివిన పద్ధతి సరైనదా? గడి అరిగిందా? రాత పూర్తిగా పడిందా? రాసే క్షణంలో కరెంటు నిలకడగా ఉందా? చివరగా, రాయమని చెప్పిన తీగ దేనికి కట్టి ఉంది? మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబు బల్ల ముందు కూర్చుని దొరుకుతుంది. ఐదోదానికి మాత్రం లేచి వెళ్లి, టెర్మినల్‌ దగ్గర తీగ పట్టుకుని, దాని రెండో కొస దాకా నడవాలి.

ఎఫ్‌రామ్‌, ఎంరామ్‌ లాంటి కొత్త మెమరీలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. అవి చాలా వేగంగా రాస్తాయి, కోట్ల సార్లు రాసినా ఫ్లాష్‌లా అరగవు. మూడు మిల్లీసెకన్ల నిరీక్షణ, లక్ష సార్ల హద్దు వాటితో చాలావరకు తీరిపోతాయి. ఐదో ప్రశ్న మాత్రం ఏ మెమరీతోనూ తీరదు. పాయింటు దగ్గర ఒకరు పట్టాను చూసి, ప్యానెల్‌ దగ్గర మరొకరు దీపాన్ని చూసి, రెండూ ఒకటేనని ఒకరికొకరు చెప్పుకునే పాత రైల్వే పరీక్ష అందుకే నేటికీ అవసరం.